కొల్లేరు నేర్పిన లెక్క

గత షాబాన్ మాసంలో మా మద్రసా రసీదు పుస్తకం చేతపట్టి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా కొల్లేరు వరకు ప్రయాణించాము. సంపన్నులెవరో మాకు తెలుసుననే ధీమాతోనే బయలుదేరాము.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో లారీల నుంచి బస్తాలు దిగుతున్నాయి. ఒక వ్యాపారి సోదరులు ఆప్యాయంగా కూర్చోబెట్టి, "హజ్రత్, సరుకంతా అప్పు మీద తెచ్చిందే. మాకు జకాత్ ఎక్కడిది?" అన్నారు. అమ్మకానికి ఉంచిన సరుకుకూ జకాత్ ఉందని, తీర్చవలసిన అప్పు పోగా మిగిలినది నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే రెండున్నర శాతం చెల్లించాలని వివరించాము. "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

ఏలూరులో తివాచీల మగ్గాలకు పేరుపొందిన తంగెళ్లమూడికి వెళ్లాము. మగ్గం ముందు కూర్చున్న ఒక వృద్ధురాలు తన వద్దనున్న వెండి పట్టీలు, కొద్దిపాటి నగదు సంగతి చెప్పి, తాను ఎంత జకాత్ చెల్లించాలని అడిగారు. నివసించే ఇల్లు, పనిముట్టయిన మగ్గం లెక్కలోకి రావు. 612 గ్రాముల వెండి విలువకు ఆమె చాలా దూరంలో ఉన్నారు.

"అమ్మా, మీపై జకాత్ విధి కాదు. మీరే పుచ్చుకోదగినవారు" అన్నాము.

ఆమె ముఖం చిన్నబోయింది. "అయితే సదఖాగా రాయండి, మౌలానా సాబ్" అంటూ యాభై రూపాయలు అందించారు. రసీదు రాసి బయటికి వచ్చాము. పుచ్చుకోదగినవారని మేమే చెప్పిన ఆ తల్లికి ఏమైనా అందుతోందా అని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు.

కొల్లేరు ఒడ్డున నిలిచినప్పుడు ఆ సంగతి మనసును కలచింది. ఏలూరును ఒరుసుకుని వచ్చే తమ్మిలేరు నీటిని, బుడమేరు నీటిని ఈ సరస్సు స్వీకరిస్తుంది. ఉప్పుటేరు ద్వారా సముద్రానికి విడుస్తుంది. చేపల చెరువుల గట్లు ఆ నీటి దారికి అడ్డుపడ్డాయి. అందుకే 2006లో ప్రభుత్వం అభయారణ్యం పరిధిలోని గట్లను తెగగొట్టించింది. పారవలసిన నీరు ఆగితే పక్కవాడి పొలం మునుగుతుంది. సంపద సంగతీ అంతే.

ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ దైవప్రవక్త (స) అక్కడి సంపన్నుల నుంచి తీసుకున్న జకాత్‌ను అక్కడి పేదలకే చేర్చాలని ఆదేశించారు. నిజమైన కలిమి సామగ్రిలో లేదు, మనసులో ఉందని కూడా ఆయనే బోధించారు. ఈ రెండు హదీసులను ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధించాము. తంగెళ్లమూడిలో మాత్రం మేమే ఒక గట్టులా నిలిచాము.

ఈ ఏడు రసీదు పుస్తకంతో పాటు మరొక పుస్తకం కూడా తీసుకువెళ్తున్నాము. అందులో ఇచ్చేవారి పేర్లు ఉండవు, అందవలసినవారి పేర్లు ఉంటాయి. మొదటి పేరు ఆ తల్లిదే. అల్లాహ్ మా లోపాన్ని మన్నించుగాక!