మేడమీది వేడి

మన కథల్లో, జ్ఞాపకాల్లో డాబా ఆడవాళ్ళ చోటు. వడియాలు పెట్టుకోవడానికి, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, తల ఆరబెట్టుకోవడానికి, ఎవరికీ కనపడకుండా కాసేపు ఏడవడానికి కూడా అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఆఫీసు భవనాల పైకప్పుల గురించి మాత్రం మనం రాసుకున్నట్టు నాకు గుర్తులేదు. నేను పదిహేనేళ్ళుగా వాటిమీదే పనిచేస్తున్నాను. హైదరాబాదులో, ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు, ఆఫీసు భవనాల మీద ఏసీ, వెంటిలేషన్ యంత్రాలను ఎక్కించి, బిగించి, నడిపి చూసి అప్పగించే ఇంజనీరుని.

ఏసీ చలిని తయారుచేస్తుందనుకుంటారు చాలామంది. చలిని ఎవరూ తయారుచెయ్యలేరు. లోపలి వేడిని తోడి బయట పారబొయ్యడమే మా పని. దీనికి కొలత టన్ను. అది యంత్రం బరువు కాదు. ఐసు దిమ్మెలతో చల్లబరిచిన రోజుల నుంచి మిగిలిన మాట. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. పది టన్నుల యంత్రం లోపలి నుంచి 35 కిలోవాట్ల వేడిని తోడుతుంది. దాన్ని తోడడానికి కంప్రెసర్ వాడే కరెంటు, ఒక పది కిలోవాట్లనుకుందాం, అదీ వేడిగా మారి దీంతో కలుస్తుంది. మొత్తం 45 కిలోవాట్లూ పైకప్పు మీదికే. అలాంటివి ఇరవై వరసగా ఉన్నచోట మే నెల మధ్యాహ్నం నిలబడడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒక సైటులో పాత యంత్రాలు నడుస్తుండగానే పక్కన ఇంకో వరస పెడుతున్నాం. వాటి కింద దిమ్మెలకి కాంక్రీటు మోస్తున్న పాలమూరు ఆమె తట్ట దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది: "లోపట గంత సల్లగుండేటందుకు బయట గింత ఉడుకు ఇడవాల్నా మేడం?" ఇంజనీరింగ్ కాలేజీలో థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. "ఇడవాల్సిందే అక్కా" అన్నాను. ఎవరి మీద విడవాలన్నది మాత్రం ఏ సూత్రంలోనూ లేదు.

యంత్రం పైకి ఎక్కాలంటే ముందు స్లాబు ఆ బరువు మొయ్యగలదని తేలాలి. వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతినకుండా దిమ్మెలు కట్టాలి. అదురు కింది అంతస్తుకి దిగకుండా రబ్బరు ప్యాడ్లు వెయ్యాలి. ఆ తర్వాత క్రేను. రోడ్డు ఖాళీగా ఉండాలి కాబట్టి ఎత్తే పని చాలాసార్లు రాత్రిపూటే. గాల్లో యంత్రం గిర్రున తిరగకుండా తాళ్ళు పట్టుకునేవాళ్ళు కొందరుంటారు, చేత్తో సైగలు చేసే మనిషి ఒక్కరే ఉంటారు. క్రేను ఆపరేటరు ఆ ఒక్కరి చేతినే చూడాలి. కానీ 'ఆపు' అన్న సైగ ఎవరు చేసినా, ఆఖరికి తట్ట మోసే మనిషి చేసినా, ఆపి తీరాలి. మా వృత్తిలో నాకు బాగా నచ్చిన నియమం ఇదే.

మొదటి ఏళ్ళలో ఆ నియమం వాడుకునే అవకాశమే నాకు రాలేదు. "రాత్రి పని, మీకెందుకు మేడం, మేం చూసుకుంటాం" అనేవాళ్ళు. ఆ మాటలో మర్యాద ఉంది. మూడేళ్ళ తర్వాత అదే ఆఫీసులో నా అప్రైజల్ కాగితం మీద 'క్రేను పనిలో అనుభవం లేదు' అని రాశారు. ప్రమోషను నాతో చేరిన కుర్రాడికి వెళ్ళింది. రక్షణ పేరుతో దూరం పెట్టడం, దూరంగా ఉన్నావని మార్కులు తగ్గించడం. యూనివర్సిటీల్లో ఉన్న మీకు ఇది కొత్తేమీ కాదనుకుంటాను.

ఇక టాయిలెట్. తొమ్మిదంతస్తుల పైన ఉంటాం. లిఫ్టు ఇంకా నడవదు, వాష్‌రూములకి తాళాలు. మగవాళ్ళు ఏ నీళ్ళ ట్యాంకు చాటుకో పోతారు. నేను, ఆ కూలి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం, మే నెలలో! మూత్రంలో మంట, జ్వరం, మాత్రలు మా అందరికీ మామూలే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం మరుగుదొడ్లు ఉండాలంది. యాభైమందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లలకో గది ఉండాలంది. నేను ఎక్కిన పైకప్పుల కింద ఆ గది ఒక్కటీ చూడలేదు.

ఇంత ఉడుకు భరించి కిందికి పంపే చల్లదనమైనా ఎవరి ఒంటికి సరిపోతోంది? హాయి అనే దానికి ఇంజనీర్ల దగ్గర ఒక లెక్క ఉంది. 1970లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ పుస్తకంతో అది స్థిరపడింది. గాలి వేడి, తేమ, బట్టల మందం, ఒంట్లో పుట్టే వేడి, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఒళ్ళు ఎవరిది? ఒంటి వేడికి ప్రమాణంగా వాడుతున్న అంకె నలభై ఏళ్ళ, డెబ్బై కిలోల మగవాడిదని, ఆడవాళ్ళ విషయంలో అది 35 శాతం దాకా ఎక్కువ చూపించవచ్చని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ రాశారు. అది చదివాక నేను చూసిన ఆఫీసులన్నీ గుర్తొచ్చాయి. కుర్చీల వెనక శాలువాలు, చెప్పుల్లో సాక్సులు, నెత్తిమీద గాలి వచ్చే జాలీకి అంటించిన అట్టముక్కలు. మేనేజర్లు దాన్ని 'లేడీస్ కంప్లైంట్' అంటారు.

ఆడ ఒంటికంతటికీ ఒకటే ఉష్ణోగ్రత ఉందని నేననను. మెనోపాజ్ వేడి ఆవిర్లతో ఫ్యాను కోసం వెతుక్కునే స్నేహితులు నాకున్నారు, నేనూ ఆ దారిలోనే ఉన్నాను. నేననేది ఒక్కటే, అక్కడ కూర్చునేవాళ్ళని అడిగి పెట్టండి అని.

ఒక భవనం అప్పగించేటప్పుడు ప్రతి టేబుల్ దగ్గరా థర్మామీటరు పెట్టి కొలిచాను. చాలాచోట్ల 21 డిగ్రీలుంది. ఆడవాళ్ళు వణుకుతున్నారని మీటింగులో చెబితే నవ్వారు. ఏసీలు 24 దగ్గర పెట్టుకోమని 2018లో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ ఇచ్చిన సలహా చూపించాను, తగ్గే కరెంటు బిల్లు లెక్కకట్టి చూపించాను. వెంటనే 24 చేశారు. వణుకుకి కదలని అంకె బిల్లుకి కదిలింది! అయినా నాకు సంతోషమే. లోపల మూడు డిగ్రీలు పెరిగితే తోడే వేడి తగ్గుతుంది, పైన పారబోసేదీ తగ్గుతుంది. కింద శాలువా కప్పుకున్నామె, పైన చెంగుతో మొహం తుడుచుకున్నామె ఒకరినొకరు ఎన్నడూ చూసుకోరు. ఇద్దరి బాధా ఆ ఒక్క అంకె దగ్గరే ఉంది.

ఇప్పుడు కొత్త సైటు మొదలయ్యే ముందు నేను రాసే జాబితాలో క్రేను, స్లింగులు, నైట్రోజన్ సిలిండర్లతోపాటు ఆడవాళ్ళ టాయిలెట్ తాళంచెవి కూడా ఉంటుంది. అది ఎవరి దగ్గర ఉంటుందో పేరు రాసేదాకా క్రేను పర్మిట్ మీద సంతకం పెట్టను.