హాజరీ

రాత్రి పదకొండయింది. మా బేటీ కళ్ళలో నీళ్ళు. పొద్దున కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ అసైన్‌మెంట్ ఇవ్వాలి. మ్యాట్‌ల్యాబ్ కొనిచ్చే తాఖత్ నాకు లేదు గనక, ముఫ్త్‌గా దొరికే గ్నూ ఆక్టేవ్ వేసుకుంది. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ కోసం 'టీఎఫ్' అని కొడితే ఎర్రర్. రెండుసార్లు మొత్తం తీసేసి మళ్ళీ దించింది. ఫోన్లో డేటా ఖతం.

"దీంట్లో మీకేం తెలుస్తుంది అబ్బా?" అంది. సచ్ బాత్. ఉర్దూ మీడియంలో జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ దాటితే నాకు లెక్కలంటే పరేషానే. కానీ పేపర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి, ఏ వాక్యాన్నయినా ఆఖరి దాకా చదవడం ఆదత్. తను 'ఎర్రర్' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ పక్కనే సాఫ్‌గా రాసుంది: ఈ ఫంక్షన్ కంట్రోల్ ప్యాకేజీది, అది మీ దగ్గర ఇన్‌స్టాల్ అయ్యే ఉంది, లోడ్ మాత్రం చేయలేదు అని.

విండోస్‌లో ఆక్టేవ్‌తోపాటే చాలా ప్యాకేజీలు వచ్చేస్తాయి. 'పీకేజీ లిస్ట్' కొట్టమన్నాను. పేర్లన్నీ వచ్చాయి. లోడైన వాటి పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉండాలి, ఒక్కదానికీ లేదు. మా మదర్సా హాజరీ రిజిస్టర్ యాదికొచ్చింది. రిజిస్టర్లో పేరుంటే చాలదు, ఉస్తాద్ పిలిచినప్పుడు లేచి 'హాజిర్ జనాబ్' అనాలి.

'పీకేజీ లోడ్ కంట్రోల్' కొట్టింది. బోడ్ గ్రాఫ్ తెర మీదికొచ్చింది. చెంపలు తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచింది.

ఫజర్ తర్వాత తెరిస్తే మళ్ళీ అదే ఎర్రర్. ఆక్టేవ్ మూసేస్తే లోడ్ చేసినవన్నీ పోతాయి. "రోజూ హాజరీ పిలవాలా అబ్బా!" అని గొణుగుతూ, ఆ లైనుని తన ఫైల్లో అన్నిటికన్నా పైన రాసుకుంది.