ఆపా కాలి వాపు

గత ఏడాది రంజాన్‌కు రెండు నెలల ముందు మా ఆపా కనురెప్పల మీద ఊదారంగు మచ్చ కనిపించింది. కొత్త సుర్మా పడలేదనుకున్నాము. వేళ్ల కణుపులపై ఎర్రని పొక్కులు లేచినప్పుడు బట్టల సబ్బును అనుమానించాము. ఒకనాడు ఇషా నమాజులో ఆమె సజ్దా నుండి లేవలేక, చేతులు నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. తక్బీరుకు చేతులెత్తడం, తల దువ్వుకోవడం కొన్ని వారాలుగా కష్టమవుతున్నా ఎవరికీ చెప్పలేదట. మన ఇళ్లలో స్త్రీలు నొప్పిని దాచడంలో ఆరితేరినవారు.

వ్యాధి పేరు డెర్మటోమయోసైటిస్ అన్నారు. కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి సొంత చర్మంపైనా, కండరాలపైనా దాడి చేస్తుంది. పెద్దవారిలో దీని వెనుక ఒక్కోసారి క్యాన్సర్ దాగి ఉంటుంది కనుక ఆ పరీక్షలన్నీ చేయించారు. అల్లాహ్ దయవల్ల ఏమీ బయటపడలేదు. స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి.

ఆ రోజు డాక్టరు గారు ఆపా గోటి మొదట్లో నూనె చుక్క వేసి, భూతద్దం వంటి పరికరంతో చూశారు. అక్కడి సన్నని రక్తకేశనాళికలు ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయట. కండరాల లోపల కూడా ఇలాగే చిన్న నాళాలు దెబ్బతింటాయని చెప్పారు. విన్నానే గాని, ఈ వ్యాధి రక్తనాళాలదీ అని నా మనసుకు ఎక్కలేదు. చేతికిచ్చిన కాగితంలో షుగరు, రక్తపోటు, ఎముకల జాగ్రత్తలు ఉన్నాయి. గడ్డకట్టే రక్తం గురించి ఒక్క మాట లేదు. ఆ కొరత నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రంజాన్ రెండో వారంలో ఆపా ఎడమ పిక్క వాచింది. మాత్రలవల్ల ముఖం ఉబ్బినట్లే కాలూ ఉబ్బిందనుకున్నాను. ముఖం ఉబ్బితే రెండు వైపులా ఉబ్బుతుంది, కాలు మాత్రం ఒక్కటే ఎందుకు వాచిందని ఆలోచించలేదు. నువ్వుల నూనె వెచ్చచేసి రెండు రాత్రులు మర్దన చేశాను. ఆపా హాయిగా ఉందన్నది. మూడోనాడు తనకు రోజా లేకపోయినా మాకోసం సహరీకి లేచి, పొయ్యి దగ్గరే ఆయాసంతో కూలబడింది.

డాప్లర్ పరీక్షలో తొడ సిరలో రక్తపు గడ్డ కనిపించింది. దాని ముక్క ఊడి ఊపిరితిత్తికి చేరిందని సి.టి. స్కాను చెప్పింది. శరీరంలో ఈ వాపు రగులుతున్నప్పుడు నాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కండరాల బలహీనతతో మంచం పట్టడం, స్టెరాయిడ్లు దానికి తోడవుతాయి. వ్యాధి బయటపడిన మొదటి సంవత్సరమే ఈ ముప్పు ఎక్కువట. అందరికీ వచ్చేది కాదు, వస్తే మాత్రం ఆలస్యాన్ని క్షమించదు.

నేను ఒక్కటే అడిగాను: "నా మర్దనవల్లేనా డాక్టరు గారూ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "గడ్డ మీ చేతులవల్ల రాలేదమ్మా. ఊడటానికి మర్దన కారణమా, కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఇకపై ఒక్క కాలే వాస్తే తాకకుండా తీసుకురండి" అన్నారు. అబద్ధంతో ఓదార్చనందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

మొదట హెపారిన్ సూదులు, ఆ తర్వాత వార్ఫరిన్ మాత్రలు. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష 2 నుండి 3 మధ్య ఉండాలి. ఆకుకూరలు మానవద్దు, వారం వారం ఒకే పాళ్లలో తినమన్నారు. ఒకనాడు గోంగూర కుండెడు, మరునాడు సున్నా అంటే మందు లెక్క తప్పుతుంది. మా ఇంట్లో గోంగూరకు రోజు కేటాయించడం అదే మొదటిసారి.

తప్పిన రోజాల మాట ఎత్తి ఆపా కన్నీరు పెట్టుకున్నప్పుడు, రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపును అబ్బా గుర్తుచేశారు. ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నది. ఆ నూనె సీసాను పారవేయబోతే ఆపా వారించి, తన అలమరలో పెట్టుకున్నది. మొన్న జుమా నాడు అందులోంచి కొంచెం తలకు రాసుకుని, తన జడ తానే వేసుకున్నది.