పేషెంట్ ఎవరు?

"పేషెంట్ ఎవరు సార్?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, రసీదు పుస్తకం మీంచి తల ఎత్తకుండా.

నా పక్కన అమ్మ నిలబడి ఉంది. మోకాళ్ళు అరిగిన మాట నిజమే. అయినా తెల్లారకముందే మడికొండలో లేచి, మనవలకు సకినాలు డబ్బాకెత్తి, దాదాపు 130 కిలోమీటర్లు కారులో కూచుని, పట్నం అవతల ఉన్న ఈ వినోదాల పార్కుకు వచ్చిన మనిషి. "పేషెంటేందిరా, నేనేమన్న దవఖానకొచ్చిన్నా?" అంది నాతోనే, వాడికి వినపడేంత గట్టిగా.

వాడి తప్పేం లేదు. రసీదులో ఆ గడి అలాగే అచ్చయి ఉంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, డిపాజిట్ రాసుకున్నాడు. నా ఆధార్ కార్డు వాళ్ళ సొరుగులోకి, చక్రాల కుర్చీ మా చేతికి వచ్చాయి.

కుర్చీ గొడవ ముందురోజు రాత్రే మొదలైంది. "నన్ను తోసుకుంట ఎందుకు తిరుగుడు? మీరు పోయి రాండ్రి. నేను మెట్టుగుట్ట దిక్కు చూసుకుంట కూసుంట" అంది. మా వాకిట్లోంచి గుట్ట కనిపిస్తుంది. రాయిమీద రాయి పెట్టినట్టుండే ఆ రెండు స్తంభాల్ని భీముడు పేర్చాడని చిన్నప్పుడు ఆమే చెప్పింది. మొక్కుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కిన మనిషికి ఇప్పుడు వాకిలి ముందరి మూడు మెట్లు దిగాలంటే గోడ కావాలి. నడవలేనని ఆమెకు దిగులు లేదు. నలుగురిలో తోయించుకోవడమే ఆమెకు నామోషీ.

మోయించుకోవడం మనకేం కొత్త? పెళ్ళికూతురు పల్లకిలో వచ్చింది, దొరసాని మేనాలో వచ్చింది, శబరిమలలో డోలీ ఈనాటికీ ఉంది. అవి ఎక్కినవాళ్ళెవరూ సిగ్గుపడలేదు. అమెరికాలో 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చక్రాల కుర్చీలు అద్దెకిచ్చారు. వివేకానందుడు షికాగో వెళ్ళిన 1893లో అక్కడ జరిగిన మహా ప్రదర్శనలోనూ ఇచ్చారు. తోసింది కాలేజీ కుర్రాళ్ళు. కూర్చున్నవాళ్ళలో కాళ్ళు బాగున్నవాళ్ళూ ఉన్నారు. అంత పెద్ద సంతను నడిచి చూడలేక డబ్బిచ్చి ఎక్కిన వాహనం అది. దానికి ఆస్పత్రి వాసన ఎప్పుడు అంటుకుందో మరి.

ఇదంతా అమ్మకు చెబితే, "ఆళ్ళు దొరలు, గుంజుకపోతే పోతరు" అంది. చివరికి చిన్నది ఏడుపందుకుంటే ఒప్పుకుంది.

మాకిచ్చిన కుర్చీకి వెనక పెద్ద చక్రాలు. వాటి అంచున స్టీలు రింగు ఉంటుంది, కూర్చున్నవాళ్ళే పట్టుకుని తిప్పుకోవచ్చు. ముందరి చిన్న చక్రాల్లో ఎడమది మాత్రం పది అడుగులకోసారి అడ్డం తిరుగుతోంది. నేను వంగి చూసేలోపే అమ్మ లేచి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, గొలుసుకున్న పిన్నీసు తీసింది. ఇరుసుకు దారం, ఎవరివో పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉండలు కట్టాయి. ఎక్కడెక్కడ గుచ్చి లాగాలో ఆమె చూపించింది, నేను లాగాను. చక్రం తిరిగింది. పిన్నీసును కొంగుకు తుడిచి మళ్ళీ గొలుసుకే పెట్టుకుంది.

తోయడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు అమ్మ మొహం కనపడదు. ముడి, అందులో మల్లెలు, తెల్లబడ్డ పాపిట, అంతే. ఆమె ఏం చూస్తోందో, చూడాలనుకుంటోందో తెలియకుండానే నాకు నచ్చినచోట ఆపుతున్నాను. ఎదురొచ్చినవాళ్ళు నా కంటే ఘనులు. "అవ్వ నీళ్ళు తాగుతదా?" అని నన్ను అడిగింది ఒకావిడ. అమ్మ చెవులు శుభ్రంగా వినపడతాయి. మా వదిన వాళ్ళమ్మ ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కు వెళ్ళినప్పుడు బ్యాటరీ స్కూటర్ అద్దెకు తీసుకున్నారు. పద్దెనిమిది నిండినవాళ్ళెవరైనా నడపొచ్చట. ఆవిడ ఎప్పుడూ ఆ స్కూటర్ కబుర్లే చెబుతుంది, డిస్నీ గురించి ఒక్క ముక్క చెప్పదు. హ్యాండిల్ తన చేతిలో ఉంది కదా!

కోట బొమ్మ దగ్గర వాలు చూసి బెదిరిపోయాను. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలంటారు. ఇక్కడ ఆరడుగులు కూడా లేదు. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. ముందుకు తోస్తే అమ్మ జారి కింద పడేట్టుంది. ఊడ్చుకుంటున్న ఒకామె చీపురు పక్కన పెట్టి, "ఎనుకకు తిప్పి దించు సారూ" అని చూపించింది. టికెట్ల దగ్గర ఇవ్వని పాఠం ఆమె ఇచ్చింది. హోటలుకు రెండు మెట్లున్నాయి. బాత్రూం తలుపు కుర్చీకంటే సన్నం.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో వినోదం మాట కూడా ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఈ వాలులూ తలుపులూ దయాదాక్షిణ్యాల మీద నడవకూడదనీ, తప్పనిసరి నిబంధనలు రాయాలనీ చెప్పింది. అందుకు ఆధారంగా తీసుకున్న నివేదికల్లో ఒకటి మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయానిది. తీర్పు ఆ బాత్రూం తలుపు దాకా ఇంకా నడిచి రాలేదు.

మా వాడలోనూ ఒక కుర్చీ ఉంది. ఒకాయనకు తుంటి విరిగితే కొడుకులు కొన్నారు. ఆయన పోయాక అది ఇల్లిల్లూ తిరుగుతోంది. ఓట్లకు, పెళ్ళిళ్ళకు, కంటి ఆపరేషన్లకు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్తారు. అద్దె ఉండదు, రసీదు ఉండదు. టైర్లు కడిగి ఇవ్వాలి, అదొక్కటే షరతు. ఆ వారం అది ఎవరింట్లోనో బాలింత దగ్గరుండబట్టి మేం ఈ కౌంటరు పాలయ్యాం.

మధ్యాహ్నానికి అమ్మ నన్ను తిప్పడం మొదలుపెట్టింది. "ఆపు." "ఎడమకు పోనియ్." నీళ్ళ జారుడుబల్ల ఎదురుగా బ్రేకు వేయించుకుని, పెద్దవాళ్ళు కేకలు పెడుతూ జారిపడుతుంటే గంటసేపు చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

సాయంత్రం తిరుగుదారిలో హఠాత్తుగా లేచి నిలబడింది. పిల్లల తడి బట్టలు, సకినాల డబ్బా, నా బ్యాగు సీట్లో పెట్టించి, వెనక హ్యాండిళ్ళు రెండూ తనే పట్టుకుంది. కర్రతో కంటే కుదురుగా నడుస్తోంది. నేను పక్కన ఖాళీ చేతులతో నడిచాను.

కౌంటర్లో కుర్రాడు రసీదులో టైము వేసుకుంటున్నాడు.

"చక్రం బాగు జేసిన బిడ్డా, ఒక యాభై తగ్గించు" అంది అమ్మ.

వాడు తల ఎత్తి ఆమెను చూశాడు.