వేమనను తీసెయ్యమంటారు

ఫోను నిండిపోయిందని పుంగనూరులో ఎవరికి చూపించినా ముందు వచ్చే సలహా ఒకటే: "ఆ పాత సినిమాలు తీసెయ్ మామా, కావాలంటే నెట్లో చూసుకోవచ్చు గదా." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

64 జీబీ ఫోనులో సిస్టమే పెద్ద వాటా తీసుకుంటుంది. మిగిలింది ఎవరు తింటున్నారో సెట్టింగుల్లో చూడండి. వాట్సాప్! తెల్లారకముందే దిగే గుడ్‌మార్నింగ్ గులాబీలు, ఎవరివో పెళ్లి వీడియోలు, మదనపల్లె మార్కెట్లో మొన్నటి టమాటా ధరలు. అవన్నీ ఉండొచ్చు, నా పాత సినిమాల్లోని నాగయ్య మాత్రం పోవాలా?

యాప్‌లో దించుకున్న సినిమా మనది కాదు. గడువు తీరితే తెరుచుకోదు, చందా ఆపితే చూడనివ్వదు. సొంత ఫైలు మెమొరీ కార్డులో ఉంటే ఆ బాధ లేదు. కానీ చాలా కొత్త ఫోన్లలో కార్డు పెట్టే చోటే లేకుండా చేశారు. ఇది మాత్రం నేను క్షమించలేను. కార్డు ఉన్నవాళ్లకు ఒక మాట: అది ఫ్యాట్32లో ఫార్మాటై ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. లోపలున్నవి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి. పాత సినిమాకు ఆ అవసరమే రాదు. ప్రింటే మసక, ఎంత పెద్ద ఫైలు తెచ్చుకున్నా అంతకన్నా తేటగా కనబడదు.

దొరికినప్పుడు దాచుకోవాలి. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఇవాళ చూద్దామన్నా దొరకదు.

నా ఫోనులో కె.వి.రెడ్డి తీసిన 'యోగి వేమన' ఉంది, 1947 నాటిది. అందులో వేమన నాగయ్యే. నాగయ్య పుట్టింది గుంటూరు సీమలోనైనా పేరు ముందు నిలిచింది మన చిత్తూరే. అన్న కూతురు పోయాక వేమన ముఖంలో ఆ భోగమంతా ఎట్లా ఆరిపోతుందో ఫోను తెర మీద కూడా తెలుస్తుంది. నాగయ్య గొంతు వినబడితే మా అవ్వ బియ్యం చెరిగే చేట పక్కన పెట్టేసేది. అంతకు ముందేడు ఆయనే తీసి, ఆయనే వేషం కట్టిన 'త్యాగయ్య' గొప్పదని ఊళ్లో ఎవరన్నా ఒప్పుకునేది కాదు. "త్యాగయ్యది అరవదేశం, వేమన మనోడు" అనేది. కదిరి దగ్గర కటారుపల్లికి పోయి వేమన సమాధి చూసొచ్చింది కూడా. తోడు రానన్నందుకు మా తాతతో చాన్నాళ్లు మాట్లాడలేదు.