గోడమీది అమ్మ

అమ్మ చీర రంగు గురించి మా అక్కకూ నాకూ యాభై ఏళ్ళుగా తగాదా. వంగపండు రంగని అక్క, నెమలికంఠమని నేను. ఆస్తి తగాదాలు లేని ఇంట్లో ఇలాంటిదొకటి లేకపోతే తోచదు గదా!

సాక్ష్యం ఒక్కటే వుంది. అమెరికాలో చదువుకుంటున్న మా చిన్న మామయ్య 1964 సంక్రాంతికి కాకినాడ వచ్చి, తులసికోట దగ్గర ఉప్పాడ చీర కట్టుకుని నుంచున్న అమ్మను కొడాక్రోమ్ రీలు మీద ఫొటో తీశాడు. తిరిగి వెళ్ళాక అక్కడ కడిగించి, అట్టచట్రాలలో బిగించిన స్లయిడ్లు ఒక పెట్టెనిండా పంపాడు. తరువాతి ఏడు ఓ ప్రొజెక్టరు కూడా వచ్చింది.

ఇక చుట్టాలొస్తే చాలు, ముందుగదిలో గోడకు నాన్న తెల్లపంచె కట్టడమూ, దీపాలార్పడమూ! మొదట నయాగరా, తరువాత అమెరికా వీథులూ, మంచూ, అన్నిటికీ చివర అమ్మ. "చాల్లెండి, ఆర్పండి, నలుగురూ నవ్వుతారు" అని వంటింట్లోంచి కేక వేసేది. నాన్న వినిపించుకునేవారు కాదు.

1971లో అమ్మ పోయింది. ఆ తరువాత చుట్టాలు రాకపోయినా ముందుగది చీకటయ్యేది. రాత్రి భోజనాలయ్యాక, వేసివున్న తలుపు వెనకనుంచి ప్రొజెక్టరు ఫ్యాను రొద వినిపించేది. మేము లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. బల్బు మాడిపోయి, కొత్తది దొరక్క, యంత్రం అటకెక్కేదాకా నాలుగైదేళ్ళు అలా జరిగింది.

మొన్న దసరాకు ఇల్లు సర్దుతూ ఆ పెట్టె దింపాను. అక్కకు కబురు పెట్టాను. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క స్లయిడే వెలుతురుకు పెట్టి చూశాము.

నయాగరాను చూసి, "ఇదేమిట్రా, పారాణి కలిపిన నీళ్ళలా వుంది?" అంది అక్క. నిజమే. అవి ఎక్టాక్రోమ్ స్లయిడ్లు. ఆ కాలపు ఎక్టాక్రోమ్‌ను వెలుగు సోకకుండా దాచినా నీలిరంగు ముందుగా చెడిపోతుంది; ఎరుపు మిగులుతుంది. దానికి తోడు మా సముద్రపు తేమ. కొన్నిటిమీద బూజు సాలెగూడులా అల్లుకుంది. ఫిల్ము పైపూత జెలటిన్ గదా, బూజుకు అది పెళ్ళిభోజనం.

కొడాక్రోమ్ సంగతి వేరు. 1935లో బజారుకొచ్చిన ఆ ఫిల్మును కనిపెట్టిన మానెస్, గొడౌస్కీ ఇద్దరూ సంగీత విద్వాంసులు. ఒకరు పియానో, ఒకరు వయొలిన్. తమాషా ఏమంటే ఇద్దరి పేరూ లియొపోల్డే! తక్కిన ఫిల్ములలో రంగు పుట్టించే రసాయనం ఫిల్ములోనే వుంటుంది. కొడాక్రోమ్‌కు మాత్రం కడిగేటప్పుడు చేరుస్తారు. అందుకే చీకట్లో దాని ఆయుష్షు గట్టిది. 2009లో కంపెనీ దాన్ని మానేసింది. కడిగే ఆఖరి దుకాణం, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోనిది, 2010 డిసెంబరు చివర రీళ్ళు తీసుకోవడం ఆపేసింది. మామయ్య తీసిన మంచు మాత్రం ఈనాటికీ మల్లెపూవులా తెల్లగా వుంది.

కేసు గెలిచినట్టేననుకుంటూ అమ్మ స్లయిడు ఎత్తాను. నెమలికంఠమే! "చూశావా?" అన్నాను.

అక్క చాలాసేపు చూసింది. "కోటకు జాజు పూసింది నేను. ఆ ఎరుపేదిరా?" అంది.

అప్పుడు చూశాను. కోట బూడిదరంగులో వుంది. అమ్మ ముఖం కూడా పాలిపోయి, పచ్చపచ్చగా వుంది.

పెట్టె అడుగున "పనికిరానివి" అని మామయ్య వ్రాసిన కవరు దొరికింది. అందులో అదే రీలు, అదే తులసికోట. చెయ్యి కదిలిందో ఏమో, అమ్మ ముఖం చట్రంలో పడలేదు. భుజం, కొంగు, ముగ్గుగిన్నె పట్టుకున్న చెయ్యి, నాలుగు గాజులు. ఆ స్లయిడు ఎన్నడూ గోడమీద పడలేదు. కోట జాజు ఎర్రగా వుంది. చీర నిగనిగలాడే వంగపండు రంగు.

స్కానింగు చేసే కుర్రాడు రెండూ చూసి, "మొదటిది ప్రొజెక్టరులో చాలాసేపు వెలిగివుంటుందండీ, ఎరుపుదనం పోయింది" అన్నాడు. నేనూ చదివి తెలుసుకున్నాను. చీకట్లో అంత గట్టిదైన కొడాక్రోమ్ ప్రొజెక్టరు వెలుగుకు మాత్రం ఆగలేదట. హెన్రీ విల్హెల్మ్ అనే అమెరికన్ 1993లో ఏడు వందల పేజీలు దాటిన గ్రంథం ప్రచురించి, గోడమీద వెలిగిన గంటలనుబట్టి స్లయిడ్ల ఆయుష్షు లెక్కకట్టాడు. ఆ పందెంలో ఫ్యూజీక్రోమ్ ముందు, కొడాక్రోమ్ వెనక. నాన్న రాత్రులు ఎన్ని గంటలవుతాయో లెక్కవేయబోయి మానేశాను.

నాకు గుర్తున్నది చీర కాదన్నమాట, గోడ! అక్కయితే ఆ చీర ఉతికి ఆరవేసిన మనిషి.

కుర్రాడు రెండోదాన్ని నమూనాగా పెట్టుకుని మొదటిదానికి కంప్యూటరులో రంగులు సరిచేశాడు. బాగానే చేశాడు. ఆ ఫొటో పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చాము.

బయలుదేరేముందు అక్క కవరు తీసుకుని, "నాకు ఈ ముఖం పడనిది ఇవ్వరా, ఈ గాజులు నాకు తెలుసు" అంది. ఇచ్చాను. నాన్న వెలిగించినది నేనే వుంచుకున్నాను. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో, బీరువా పై అరలో పెట్టాను.