మలుపు తిరగని వెలుగు

తెల్లారేసరికి లంబసింగి మంచులో ఉండాలి. అందుకోసం అర్ధరాత్రే బైకులెక్కేస్తారు కుర్రకారు. ఆ దారిలో అసలు పరీక్ష చలి కాదు... ప్రతి మలుపులోనూ హెడ్‌లైట్‌ వెలుగు చేరని ఆ కాస్త చీకటి!

డిసెంబరు నెల. తెల్లవారుజాము మూడున్నర. నర్సీపట్నంలో టీ కొట్టు ముందు అరడజను బైకులు వరసగా ఆగి ఉన్నాయి. మంకీ క్యాపుల మీద హెల్మెట్లు, స్వెట్టర్ల మీద జర్కిన్లు. వేళ్లు కొంకర్లు పోతుంటే గ్లాసును రెండు చేతులా పట్టుకుని గుటకలు వేస్తున్నారు. విశాఖ, అనకాపల్లి, తుని... ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. అందరి తొందరా ఒకటే. సూర్యుడు లేచేలోగా కొండెక్కాలి, చెరువులవేనం దగ్గర పాలసముద్రంలా పరుచుకున్న మేఘాలను చూడాలి.

ఇక్కడి నుంచి లంబసింగి ముప్పై కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్‌ మొదలవుతుంది. వీధి దీపాలుండవు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, మధ్యలో మెలికలు తిరిగే తారురోడ్డు. బండి ముందు దీపం ఎంతమేర చూపిస్తే అంతే లోకం!

చెమటతో వేసిన దారి

సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది లంబసింగి. చలికాలంలో ఒక్కోసారి ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. దీనికి కొర్రబయలు అని మరోపేరు. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెబుతారు. కాఫీ, మిరియం తోటలు, శీతాకాలం ముందు పసుపు పరిచినట్టుండే వలిసె పూలు, కాస్త దూరంలో తాజంగి జలాశయం... చూడ్డానికి చాలానే ఉన్నాయి.

ఈ దారికీ ఓ చరిత్ర ఉంది. బ్రిటిష్‌ పాలనలో మన్యంలో ఘాట్‌రోడ్లు వేయడానికి గిరిజనులతో చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ చేయించారు. గూడెం అధికారి బాస్టియన్‌ ఆగడాల మీద రగిలిన కోపం కూడా అల్లూరి సీతారామరాజు పోరాటానికి ఓ కారణమైంది. 1922 ఆగస్టు 22న ఆయన దళం దాడి చేసిన చింతపల్లి పోలీస్‌స్టేషన్‌ లంబసింగికి ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ రోడ్ల మీద ఇప్పటికీ తెల్లవారకముందే నడిచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కొండవాళ్లే. సంతకు కూరగాయలో, కట్టెలో మోసుకుంటూ, చేతిలో లైటైనా లేకుండా రోడ్డు అంచునే సాగుతారు.

బండి వాలితే... వెలుగూ వాలుతుంది!

కారు మలుపు తిరిగేటప్పుడు దాదాపు నిటారుగానే ఉంటుంది. బైకు అలా కాదు. ఎటు తిరగాలో అటు ఒరగాలి. బండితో పాటు హెడ్‌లైట్‌ కూడా ఒరుగుతుంది. లోబీమ్‌ వెలుగుకు పైన గీత గీసినట్టు ఓ అంచు ఉంటుంది. ఎదుటివారి కళ్లలో పడకుండా చేసిన ఏర్పాటది. తిన్నటి దారిలో ఆ గీత నేలకు సమాంతరంగా ఉంటుంది. ఎడమ మలుపులో బండి ఎడమకు వాలగానే గీత కూడా వాలిపోతుంది. కుడివైపు వెలుగు చెట్ల కొమ్మల్లోకి లేస్తుంది. ఎడమవైపు వెలుగు చక్రం ముందే నేలకు కొట్టుకుంటుంది. అంటే రోడ్డు ఎటు తిరుగుతోందో సరిగ్గా అటే చీకటి. కొండవాళ్లు నడిచే ఎడమ అంచు కూడా అదే!

హెడ్‌లైట్‌ హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ మామూలు మలుపుల్లో హ్యాండిల్‌ తిరిగేది రెండు మూడు డిగ్రీలే. బాగా నెమ్మదిగా వెళ్లే హెయిర్‌పిన్‌ మలుపుల్లో మాత్రం కాస్త ఉపయోగం. ముందుభాగంలోని ఫెయిరింగ్‌కే దీపం బిగించిన బండ్లకు ఆ అదృష్టమూ లేదు.

ఖరీదైన కిటుకు

ఈ చిక్కు పెద్ద కంపెనీలకూ తెలుసు. 2011లో మార్కెట్లోకి వచ్చిన బీఎండబ్ల్యూ కె1600 జీటీలో బండి ఎంత ఒరిగిందో సెన్సర్లు కనిపెడతాయి. దీపం లోపలి అద్దం ఆ మేరకు ఎదురు తిరిగి వెలుగు అంచును మళ్లీ నేలకు సమాంతరంగా నిలబెడుతుంది. 2015 నాటి కేటీఎం 1290 సూపర్‌ అడ్వెంచర్‌ది మరో పద్ధతి. బండి ఒరిగేకొద్దీ మలుపు లోపలివైపున్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. బాగానే ఉంది... కానీ అవన్నీ లక్షలు పోసి కొనే బండ్లు. లంబసింగి ఎక్కే వంద సీసీ, నూటయాభై సీసీ బండ్ల సంగతేమిటి?

ముందు తుడవండి... తర్వాతే మార్చండి

మెకానిక్‌ దగ్గరికెళ్లి ‘వెలుగు చాలట్లేదన్నా’ అనగానే చాలామంది అడిగేది ఎక్కువ వాట్ల బల్బు. చిన్న బండ్లలో సాధారణంగా 35/35 వాట్ల హాలోజెన్‌ బల్బు, పెద్దవాటిలో 60/55 వాట్లది ఉంటుంది. దాని స్థానంలో వంద వాట్లది పెడితే హోల్డరు, వైర్లు కరిగిపోతాయి. రిఫ్లెక్టరు మాడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. హాలోజెన్‌ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు దూర్చినా చిక్కే. వెలుగు తెల్లగా కనిపిస్తుంది కానీ, పడాల్సిన చోట పడకుండా చెదిరిపోయి ఎదుటివారి కళ్లలో కొడుతుంది.

అంతకంటే ముందు చేయాల్సిన పనులు కొన్నున్నాయి. అద్దం మీది దుమ్ము, పురుగుల మరకలు తుడవాలి. రిఫ్లెక్టరు మసకబారితే మార్చాలి. వైర్లలో వోల్టేజీ తగ్గిపోతుంటే బ్యాటరీ నుంచి రిలే ద్వారా నేరుగా కరెంటు అందేలా చేయించాలి. ఉన్న బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

తర్వాత ఎత్తు సరిచూసుకోవాలి. వెనక మనిషి, బ్యాగు ఎక్కితే బండి వెనకభాగం కుంగి దీపం ఆకాశం చూస్తుంది. అందుకే ప్రయాణానికి ముందు ఇద్దరూ కూర్చుని గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలపాలి. లోబీమ్‌ అంచు దీపం ఎత్తు కన్నా పది పదిహేను సెంటీమీటర్లు కిందుండాలి. సరిచేసే స్క్రూ చాలా బండ్లకు ఉంటుంది.

అదనపు దీపాలు పెట్టించుకునేవాళ్లు దూరం కొట్టే స్పాట్‌లైట్ల జోలికి పోతారు. మలుపులకు అవి పనికిరావు. వెలుగును వెడల్పుగా పరిచేవి కావాలి. వాటిని హెడ్‌లైట్‌ కన్నా కింద, కాస్త బయటివైపు చూసేలా బిగిస్తే మలుపు లోపలి అంచు కనిపిస్తుంది. వాటికి విడిగా స్విచ్‌ ఉండాలి, ఎదురుగా బండి వస్తే ఆర్పేయాలి. బిగించే ముందు నిబంధనలు కనుక్కోవడమూ మరవకూడదు.

మంచులోనూ ఈ కింది దీపాలే మేలు. హైబీమ్‌ వేస్తే మంచు బిందువుల మీద పడిన వెలుగు తిరిగొచ్చి కళ్లలోనే పడుతుంది. ఎదుట తెల్లటి గోడ కట్టినట్టుంటుంది. పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందన్నది చాలామంది నమ్మకం. కానీ పొగమంచు బిందువుల ముందు ఏ రంగైనా ఒకటే. దీపం ఎంత కింద ఉంది, ఎటు చూస్తోందన్నదే ముఖ్యం.

పైసా ఖర్చు లేని దీపం

ఇవన్నీ చేసినా మిగిలే చీకటికి ఓ మందుంది. చిన్న లెక్క చూద్దాం. 30 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బండి సుమారు 23 డిగ్రీలు వాలాలి. అప్పుడు మామూలు లోబీమ్‌లో రోడ్డు బాగా కనిపించేది స్థూలంగా పది, పదకొండు మీటర్లే. ఉలిక్కిపడి బ్రేకు వేసి ఆగడానికి కావాల్సింది దాదాపు 29 మీటర్లు!

వేగం 30కి తగ్గితే వాలు 13 డిగ్రీలు. కనిపించేది 14 మీటర్లు, ఆగడానికి కావాల్సింది 19. ఇంకా చాలదు. అదే 20తో వెళ్తే? వాలు ఆరు డిగ్రీలే. వెలుగు 19 మీటర్ల దాకా చేరుతుంది, బండి 11 మీటర్లలో ఆగిపోతుంది. వేగం తగ్గితే ఆగే దూరం తగ్గడమే కాదు, బండి నిటారుగా ఉండి వెలుగు కూడా పెరుగుతుందన్నమాట. లక్షల బండిలో సెన్సర్లు, అద్దాలు కలిసి చేసే పనిలో సగం మన కుడిచేతి మణికట్టే చేసిపెడుతుంది. మంచుకు తడిసిన రోడ్డయితే ఆ ఇరవై కూడా ఎక్కువే.

ఆఖరి మలుపు దాటేసరికి తూర్పు తెల్లబడుతుంది. హెడ్‌లైట్ల వెలుగు పాలిపోతుంది. ఇందాకటి వరకూ చీకట్లో కలిసిపోయిన మనుషులు ఒక్కొక్కరే కనిపిస్తారు... నెత్తిన గంపతో ఓ అమ్మ, ఆమె కొంగు పట్టుకుని ఓ పిల్లాడు, భుజాన కావడితో ఓ తాత. వాళ్లు రాత్రి నుంచీ ఆ రోడ్డు అంచునే నడుస్తున్నారు. చూసుకోవాల్సింది పైకొచ్చిన మనమే. మేఘాలెక్కడికీ పోవు. పది నిమిషాలు ఆలస్యమైనా లంబసింగి అక్కడే ఉంటుంది!

ఎలా వెళ్లాలి?
విశాఖపట్నం నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా వెళ్లాలి. దూరం వంద కిలోమీటర్లకు పైనే. రైల్లో వచ్చేవాళ్లు అనకాపల్లిలో దిగొచ్చు. నవంబరు నుంచి జనవరి వరకు అనువైన సమయం. రాత్రి ఘాట్‌ ఎక్కడం ఇష్టంలేనివాళ్లు ముందురోజు వెలుగుండగానే చేరుకుని అక్కడే బస చేయడం ఉత్తమం.